యోసేపు కింద జాగా

సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కే అతన్ని వీధిలో అందరూ ‘ఆఖరి మేస్త్రి’ అనేవారు. “నీ గిరాకీ రెండోసారి రాదుగా, ఎలా బతుకుతావయ్యా?” అని టీకొట్టువాడు ఏడిపిస్తే, “ఒక్కసారైతే నువ్వూ వస్తావుగా” అనేవాడు.

తొలిచూలు కొడుక్కి యోసేపు అని పెట్టించాడు. అది హీబ్రూ పేరని, ‘ఆయన ఇంకొకరిని కలుపుగాక’ అని అర్థమని ఆనాడు పాదిరిగారు చెప్పారు. ఏళ్ల తరబడి కడుపు పండని ఒక తల్లి, కొడుకు పుట్టగానే ఇంకొకణ్ణి ఇమ్మని అడుగుతూ పెట్టిన పేరట. అడిగినట్టే రెండోవాడూ పుట్టాడట. ఆ కాన్పులోనే ఆ తల్లి పోయిందట.

“ఆ ముక్క ముందే చెప్పొద్దాండీ!” అంది మేస్త్రి భార్య. ఆమెకు మళ్లీ బిడ్డలు కలగలేదు.

యోసేపు తండ్రి పక్కనే కూర్చుని ఉలి పట్టాడు. రేకుల షెడ్డులో ఇద్దరూ ఒకే రాతిపొడి పీల్చారు. కొడుకు ఊపిరితిత్తులు ముందు పాడయ్యాయి. పెళ్లి మాట ఎత్తేలోపే పోయాడు.

ఆ రాయి చెక్కడానికి ఇంకో చెయ్యి లేదు. మేస్త్రి బలపంతో గీతలు గీసి, దగ్గొచ్చినప్పుడల్లా ఆగుతూ, పేరు పూర్తిచేశాడు. అప్పుడు చూసుకున్నాడు. పేరు పైన పడింది, కింద సగం రాయి ఖాళీ. ఆలుమగల రాళ్లకు అలా వదులుతారు, వెనక వచ్చే మనిషి కోసం.

“పెళ్లికాని వాడికి ఆ జాగా ఎవరికయ్యా?” అంది భార్య.

“చెయ్యి అలవాటే. పొరపాటైంది.”

“పోనీ, నా పేరు చెక్కెయ్.”

“నోర్ముయ్. బతికున్నదానికి రాయేంటి?”

“నీ దగ్గు వింటూనే ఉన్నా. నువ్వు ముందెళ్తే నన్ను వాడి కింద రాసేదెవరు? వాడుంటే వాడు రాసేవాడు.”

అతను మళ్లీ బలపం అందుకున్నాడు.  కొడుకు పేరు కింద కొత్త గీత గీశాడు. ఆమె గుమ్మంలో కూర్చుని, అక్షరం అక్షరం పూర్తయ్యేదాకా కదల్లేదు. తేదీకి మాత్రం చోటు వదిలాడు.

పొడి ఊదేసి ఆమె రాయంతా తడిమింది. ఆ తేదీ చోటు తప్ప అంచుదాకా నిండిపోయింది.

“మరి నీకేది జాగా?”

“ఉంటే మాత్రం, చెక్కేవాడేడి?” అని అతను ఉలీ సుత్తీ సంచిలో పెట్టి, మూతి బిగించి కట్టాడు.