గురజాల జోడుగొట్టాల తుపాకి బేరం

ఫోన్లో నాలుగు వీడియోలు చూస్తే చాలు, లోకంలో దేనికైనా వెల కట్టేయగలమనిపించే వయసు ఒకటుంటుంది. నాకు ఆ వయసులో దొరికిన ఉద్యోగం కూడా అలాంటిదే. చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో, వచ్చిన పత్తిని పింజ లాగి చూసి రకం చెప్పాలి. నేనేమంటానోనని రైతులు నా నోటి వంకే చూస్తూ నిలబడేవాళ్లు. (ఆ చూపులు కుర్రవాణ్ణి ఎంత పాడుచేస్తాయో నన్నడగండి.) అందుకే బెల్లంకొండ నుంచి పెద్దనాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, గురజాలలో ఇంగ్లండు తుపాకి ఒకటి అమ్మకానికుందంట. పాతదే గానీ చానా గొప్పదంట. నువ్వొచ్చి చూసి చెప్పాల," అన్నప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఇంత ఆలస్యంగా అడిగారేమా అనుకున్నాను.

పెద్దనాన్నకు కొండ అంచున మొక్కజొన్న చేను. కంకి పాలుపోసుకునే వేళకు అడవిపందులు మందలుగా దిగేవి. పంటకాపలా లైసెన్సు మీద ఉన్న నాటు తుపాకి గొట్టం చీలిపోయింది. గాల్లో ఒక మోత మోగించి పందుల్ని బెదరగొట్టే దారి కూడా లేకుండా పోయింది. తుపాకి అమ్మే గురజాల మామ్మగారిది ఇంకో బాధ. భర్త పోయాక అది ఆవిడ పేరు మీదికి వచ్చింది. ఇప్పుడు చూపు ఆనడం లేదు, లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపికా లేదు. అమ్మకపోతే స్టేషన్లో జమ చేయాలి, ఆ గదిలో పడిందంటే ఇక తుప్పే గతి. అలాగని ఎవరికి పడితే వాళ్లకిచ్చే రకం కాదావిడ. హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకుంటామని వచ్చినవాళ్లను గుమ్మం నుంచే పంపేసిందని అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు.

కారులో పోతూ పెద్దనాన్న నాకు పాఠం మొదలుపెట్టాడు. "లోపల ఎంత బాగుందనిపించినా మొహంలో కనపడనీయమాక. ఎడ్ల బేరంలో ఎట్టుంటాం? సుడి బాలేదనో, నడకలో తేడా ఉందనో ముందు వంక పట్టాల. మెచ్చుకున్నామా, ధర చెట్టెక్కుద్ది." వెనక సీట్లో పెద్దమ్మ, గురజాలలో చెల్లెల్ని చూసినట్టుంటుందని బయల్దేరింది, నవ్వి ఊరుకుంది.

మామ్మగారు పొట్టి మనిషి, గొంతు మాత్రం గట్టిది. ఉన్ని గుడ్డ విప్పి, తుపాకిని నడుము దగ్గర మడిచి, లోపల తూటాల్లేవని ముందు మాకు చూపించింది. తర్వాత మూసింది. ఆ మూసినప్పటి చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉంది. ఇనుముకు ఇనుము తగిలినట్టు లేదు, మెత్తగా ఏదో ఊపిరి విడిచినట్టుంది. పక్క రేకుల మీద కౌజు పిట్టలు చెక్కారు. ఒక్కో ఈకకు ఈనె కూడా ఉంది. గడ్డిలోంచి లేస్తున్న ఆ పిట్ట నా వేలు తగిలితే ఎగిరిపోతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అక్రోటు కట్టె మీద నల్లటి చారలు తేనెలో పొగ కలిసినట్టున్నాయి. నా మొహంలో ఏం కనపడిందో తెలియదు గానీ పెద్దనాన్న నా కాలు గట్టిగా తొక్కాడు.

దాంతో తేరుకుని వీడియోల్లో చూసినవన్నీ వరసగా మొదలుపెట్టాను. గొట్టాలు విడదీసి వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టాను. గంటలా మోగింది, మోగుతూనే ఉంది. (గొట్టాల మధ్య అతుకులు వదిలితే పగిలిన కుండలా పలుకుతుందట.) కిటికీ వెలుగుకు ఎత్తి లోపలికి తొంగిచూస్తే, ఒక్క మచ్చ లేదు, ఒక్క సొట్ట లేదు. వెలుగు సుడులు తిరుగుతూ పోయి అవతల గుండ్రంగా నిలిచింది. కాసేపు ఇంత గొప్ప వస్తువును ముట్టుకునే యోగ్యత నాకుందా అని నిజంగానే భయం వేసింది. అంతలోనే, భుజానికి ఆనే చివర, చారలు హఠాత్తుగా తెగి ఉండటం కనపడింది. నాకు నిధి దొరికినంత పనైంది.

"కట్టె కోశారు! ఇంతింత కోశారు!" అని గట్టిగా అరిచాను. "ఇట్లాంటి తుపాకికి కట్టె కోస్తే విలువ సగానికి సగం పోయినట్టే."

పెద్దనాన్న మొహం వెలిగిపోయింది. మామ్మగారు మాత్రం చలించలేదు. "ధర సంగతి నువ్వు చెప్పింది నిజమే అబ్బాయ్. అంతే తగ్గించి ఇయ్యండి. పెళ్లయిన కొత్తలో నాకు గురి నేర్పాలని, నా పొట్టి చేతులకు సరిపోయేట్టు మా ఆయనే కోయించాడు. ఆ తర్వాత ఆయన భుజానికి అది కుదరలా. ఎంత మోజుపడి కొనుక్కున్నాడో, మళ్లా ఒక్కసారి పేల్చలా."

ఆవిడ పెద్దనాన్నకు తుపాకి ఇచ్చి, గోడ వైపు తిప్పి, కళ్లు మూసుకుని భుజానికెత్తి ఆ తర్వాత తెరవమంది. చూపు నేరుగా గొట్టాల చివరనున్న ఇత్తడి గింజ మీదికి పోతే ఆ తుపాకి ఆ మనిషిదని లెక్కట. ఆరడుగుల పెద్దనాన్న విసురుగా ఎత్తేసరికి, కట్టె పొట్టిదై ఆయన బొటనవేలు ఆయన ముక్కుకే టపీమని తగిలింది. నీళ్లు తిరిగిన కళ్లతో, "ఏముందమ్మా, వడ్రంగితో ఒక ముక్క అతికిస్తే సరిపోద్ది," అన్నాడు.

మామ్మగారి మొహం మాడిపోయింది. "అతుకా? అట్టయితే వద్దులే నాయనా. స్టేషన్లోనే పడుండనీయ్," అంటూ గుడ్డ చేతిలోకి తీసుకుంది.

అప్పటిదాకా ఓ మూల కూర్చున్న పెద్దమ్మ అప్పుడు లేచింది. "ఒకసారి నేను పట్టుకుంటా మామ్మగారూ."

"ఏమే, నువ్వేందే?" అన్నాడు పెద్దనాన్న.

"తెల్లవారుజామున మంచె మీద కూర్చునేది నేనే గందయ్యా. నువ్వు గురకపెడతా ఉంటావు."

కొంగు బిగించి, కళ్లు మూసుకుని ఎత్తింది. కట్టె వచ్చి ఆవిడ చెంపకు ఆనింది. కళ్లు తెరిచింది. "గింజ కనపడతా ఉంది," అంది నెమ్మదిగా, "ఇంకేం కనపడట్లా." మామ్మగారు దగ్గరికొచ్చి, తడుముతూ ఆవిడ మోచేయి రవ్వంత పైకెత్తింది. పెద్దనాన్న ముక్కు పట్టుకుని, నేను నోరు తెరుచుకుని, దారి తప్పి ఎవరింటికో వచ్చినవాళ్లలా నిలబడ్డాం.

పెద్దమ్మ పేరున లైసెన్సు వచ్చేదాకా మామ్మగారు ఆ తుపాకిని గుంటూరులో ఆయుధాల దుకాణంలో దాచిపెట్టించింది. మధ్యలో ఎక్కువ ఇస్తామన్నవాళ్లొచ్చినా వినలేదు. ఇప్పుడు ఆ చేలో తెల్లవారుజామున ఒక్క మోత వినపడితే పందులు కొండెక్కేదాకా ఆగవు, పెద్దనాన్న గురక మాత్రం ఆగదు.

నాలుగు వీడియోలు చూసి పెద్ద నిపుణుడిలా ఆ గుమ్మమెక్కిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. గొట్టాలు చూశాడు, అతుకులు చూశాడు, కోసిన కట్టె కూడా కనిపెట్టాడు పాపం. ఆ తుపాకి ఎవరిదో ఆ మనిషి దారి పొడుగునా వెనక సీట్లోనే కూర్చునుంటే, ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.