నేను చూశాను, నువ్వు చూడలేదు

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపులో పనిచేస్తున్నాను. వారాంతంలో షట్టరు దించాక మిషన్లన్నీ తుడిచి నూనె వేస్తాం. మూత తీయగానే ఆ నూనె వాసన ముక్కుకు తగులుతుంది, నా చేతులు ఒక్క క్షణం ఆగుతాయి. పక్క మిషను మీది ఫిలిప్పీన్ ఆవిడకి ఇది మామూలు మిషను నూనె. నాకు మాత్రం తబూక్ దగ్గర ఒక మజ్రా, అంటే పొలం, గొర్రెల పాకల వెనక ఒక మట్టిగట్టు, ప్లాస్టిక్ బల్ల మీద పరిచిన తెల్ల తువ్వాలు, ఆ తువ్వాలు మీద ఇదే నూనె వాసన వేసే నల్లటి పిస్తోలు కనబడతాయి. ఆ బల్ల ముందు, నల్ల ముసుగు మీద చెవుల డిప్పలు పెట్టుకుని, రెండు చేతులూ వెనక్కి దాచుకుని మామా నిలబడి ఉంటుంది.

మామా అంటే మా యజమానురాలు. ఆవిడని ఊరంతా ఉమ్ సల్మాన్ అనేది, అంటే సల్మాన్ తల్లి. ఇళ్ళలో పనిచేసే మేము ఇక్కడ ఇంటి ఇల్లాలిని మామా అనీ, ఇంటాయన్ని బాబా అనీ పిలుస్తాం. మామాది మా అమ్మ వయసు. పొట్టిగా, బొద్దుగా ఉండేది. బాబా సైన్యంలో చేసి రిటైరైన మనిషి. నేను వంట, ఇంటిపని చూసేదాన్ని. నా భర్త దావీదు వాళ్ళ డ్రైవరు. అరబ్బులు ఆయన్ని దావూద్ అనేవాళ్ళు. మాది కోనసీమ. అప్పటికి నాకు చదవడం, రాయడం రాదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకుని తిరగడంతోనే నా బడి వయసు అయిపోయింది.

బాబాకి మూత్రపిండాలు పాడై, రోజు విడిచి రోజు డయాలసిస్ కోసం తబూక్ ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది. దావీదు ఆయన్ని తీసుకువెళ్ళి సాయంత్రానికి తెచ్చేవాడు. ఆ పగలంతా అంత పెద్ద మజ్రాలో మామా, నేను తప్ప పలికే మనిషి ఉండేవాడు కాదు. గొర్రెల కాపరి ఉన్నా అతను అవతలి చివర. అలాంటి రోజుల్లోనే పక్క మజ్రాలో దొంగలు పడి కాపలావాణ్ణి కొట్టి గొర్రెల్ని ఎత్తుకుపోయారు. మర్నాటినుంచి రియాద్‌లో ఉన్న కొడుకులు ఫోన్ల మీద ఫోన్లు. అమ్మేయండి, వచ్చేయండి, అమ్మ ఒక్కతే అక్కడ ఎలా ఉంటుంది అని. మామా ససేమిరా అంది. "ఆ అపార్టుమెంటులో నేనేం చెయ్యను? ఈ గోడతో మాట్లాడి, ఆ గోడ చెప్పేది వినాలా?" అనేది. మజ్రా అమ్మితే మా ఇద్దరికీ అక్కడ పని ఉండదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కఫీల్, అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న యజమాని, పేరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి దావీదూ, నేనూ ఇండియా వెళ్ళిపోవలసిందే. కొడుకులకి ఏం చెప్పాలో బాబా కొన్నాళ్ళు ఆలోచించాడు. చివరికి ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర మామాతో అన్నాడు, "ఉండాలనుకుంటే పిస్తోలు నేర్చుకో. నేర్చుకున్నావని నాకు నమ్మకం కుదిరితే ఇక్కడే ఉందాం. లేకపోతే అమ్మేద్దాం."

మామా చేతిలోని ముద్ద పళ్ళెంలోకి జారిపోయింది. పెళ్ళిళ్ళలో గాల్లోకి పేల్చే తుపాకులకే ఆవిడ పరుపు కింద దూరేదట. ఆ పిస్తోలు బాబా పేరున లైసెన్సు ఉన్నది. మామా కోసం కూడా ఆయన పోలీసు స్టేషను చుట్టూ తిరిగి అనుమతి కాగితం చేయించాడు. నాలాంటి పరాయిదేశం వాళ్ళు దాన్ని ముట్టుకుంటే నేరం. అందుకని, "నువ్వు ముట్టుకోవద్దు, కానీ నా వెనక కూర్చో మార్తా. నేను పారిపోకుండా చూడు," అని మామా నాకొక కుర్చీ వేయించింది.

మొదటి పాఠంలో తూటా లేదు. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక బాబా బల్ల మీద తువ్వాలు పరిచి పిస్తోలు పెట్టాడు. తూటాలుండే డబ్బీ బయటికి తీశాడు. పైనున్న ఇనుప భాగాన్ని వెనక్కి లాగి, ఆ సందులోకి తొంగి చూసి, మామాకి చూపించాడు. మూసి బల్ల మీద పెట్టి, "ఇప్పుడు నువ్వు తీసుకుని, తెరిచి, చూడు," అన్నాడు.

"నువ్వు చూశావుగా, అబూ సల్మాన్."

"నేను చూశాను. నువ్వు చూడలేదు."

"నువ్వు చూస్తే చాలు."

"చాలదు."

"నువ్వు చూసిందాన్ని నేను మళ్ళీ చూడనా? ఐబ్! ఈ పిల్ల ముందు నీ పరువు తీయనా?" ఐబ్ అంటే సిగ్గుచేటు. ఆ పిల్లని నేనే. అరబ్బీలో మీరు అనే మాట లేదు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నువ్వే అనుకుంటారు. కానీ మామా నువ్వు అనే తీరులో మన ఆడవాళ్ళ మీరు కంటే ఎక్కువ మర్యాద ఉండేది. ఆయన తిన్నాక తినేది. ఆయన లెక్క చూశాడంటే మళ్ళీ అడిగేది కాదు. బాబా పిస్తోలు పెట్టెలో పెట్టేసి, తువ్వాలు మడతపెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. బల్ల, తువ్వాలు, "నువ్వు చూడలేదు," పెట్టె. పిస్తోలంటే ఉన్న భయం కంటే మొగుణ్ణి అనుమానించినట్టు అవుతుందేమో అన్న బాధే మామాకి ఎక్కువగా ఉండేది. అది ఆయనకి అర్థమైందో లేదో నాకు తెలియదు. ఒకరోజు మాత్రం మెల్లగా అన్నాడు, "ఈ ఇనుము నన్ను ఎరగదు, ఉమ్ సల్మాన్. నేను నీ మొగుణ్ణని దానికి తెలీదు."

ఆ సాయంత్రం మేమిద్దరం వంటింట్లో ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతున్నాం. మామా ఉన్నట్టుండి అడిగింది, "మీ ఊళ్ళో ఆడవాళ్ళు మొగుడు చూసినదాన్ని మళ్ళీ చూస్తారా?"

"చూడకపోతే ఎలా మామా? దావూద్ చేపలు తెస్తాడు, తాజావే అంటాడు. నేను మొప్పలు ఎత్తి చూస్తాను."

"ఆయన ఏమీ అనడా?"

"అంటాడు. నాలుగు ముక్కలు ఎక్కువ తినేసి ఊరుకుంటాడు."

మామా చుట్టిన ఆకు చేతిలో పట్టుకుని చాలాసేపు నవ్వింది. మర్నాడు బల్ల దగ్గర బాబా పిస్తోలు పెట్టగానే, ముక్కు చిట్లించి, రెండు చేతులతో దాన్ని ఎత్తింది. నిజంగానే సందేహమున్న చేపను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇనుప భాగాన్ని లాగడానికి బలం చాలక మూడుసార్లు జారింది. చివరికి తెరిచి, వంగి, లోపలికి చూసింది.

"ఏముంది?" అన్నాడు బాబా.

"మొప్పలు ఎర్రగానే ఉన్నాయి," అంది.

బాబాకి ఏమీ అర్థం కాలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తర్వాత పాఠాలు ముందుకు సాగాయి. పేల్చేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. మూతి ఎప్పుడూ గట్టు వైపే ఉండాలి. ఎవరైనా గట్టు వైపు నడుస్తుంటే మాత్రం దాన్ని అటు తిప్పనే కూడదు. దొంగ వస్తే బయటికి పరుగెత్తకూడదు. గది తలుపు వేసుకుని పోలీసులకి ఫోను చేయాలి. "గొర్రెలు పోతే పోనీ. తలుపు పగలగొట్టి నీ మీదికి వస్తేనే ఇది," అనేవాడు. మొదటిసారి నిజం తూటా పేలిన రోజు మామా పిస్తోలుని నేర్పినట్టే జాగ్రత్తగా తువ్వాలు మీద పెట్టి, ఆ తర్వాత ఇసుకలో కూలబడి ఏడ్చింది. ఎదురుగా నిలబెట్టిన ఆలివ్ నూనె డబ్బా చెక్కు చెదరకుండా ఉంది. "దానికి ఆయుష్షు గట్టిది," అంది ముక్కు తుడుచుకుంటూ. బాబా ఓదార్చలేదు, మెచ్చుకోలేదు. "లే. ఇప్పుడేం చేయాలి?" అన్నాడు. "చూడాలి," అంటూ లేచింది. చలికాలం వచ్చేసరికి ఆ డబ్బా జల్లెడ అయిపోయింది. కొడుకులకి ఆ డబ్బా ఫోటో పంపించింది కూడా.

ఇక ఆ రోజు సంగతి. ముందు రోజు డయాలసిస్ జరిగింది, బాబా మొహం పాలిపోయి ఉంది. తెల్లారి గొర్రెల దగ్గరికి అడవి కుక్కలు వస్తే తూటాలు నింపిన పిస్తోలు పట్టుకుని వెళ్ళాడు. కుక్కలు అరుపుకే పోయాయి. సాయంత్రం పాఠానికి వద్దని మామా అన్నా వినలేదు. బల్ల దగ్గర నిలబడగానే పెద్దకొడుకు ఫోను. కొనేవాళ్ళు దొరికారట. బాబా భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపట్టి, కొడుకుతో వాదిస్తూనే పిస్తోలు తీశాడు. రోజూ ముందు డబ్బీ తీసి తర్వాత పైభాగం లాగేవాడు. ఆ రోజు ముందు లాగి, తర్వాత డబ్బీ తీశాడు. లోపలికి తొంగి చూడలేదు. "ఖాళీ," అని తువ్వాలు మీద పెట్టాడు. ఫోను జేబులో వేసుకుని, పడిపోయిన డబ్బాని నిలబెట్టడానికి గట్టు వైపు నడుస్తూ, "ఈలోగా ఉత్తదే, గురి చూస్తూ ఉండు," అన్నాడు.

మామా పిస్తోలు తీసుకుంది. ఆయన వీపు వైపు కాకుండా పక్కనున్న ఇసుక దిబ్బ వైపు తిప్పింది. ఇనుప భాగాన్ని వెనక్కి లాగింది. ఇత్తడి తూటా ఒకటి ఎగిరి తువ్వాలు మీద పడింది. డబ్బీ తీయకముందే లాగితే అందులోని తూటా ఒకటి పైకెక్కి లోపల ఉండిపోతుంది.

మామా మళ్ళీ ఒకసారి లోపలికి చూసింది, వేలు పెట్టి తడిమింది. పిస్తోలుని కింద పెట్టి, ఆ తూటాని తీసి తువ్వాలు మీద నిలువుగా నిలబెట్టింది. అప్పుడు వచ్చి నా కుర్చీ పక్కన ఇసుకలో కూర్చుంది.

బాబా డబ్బా నిలబెట్టి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. తువ్వాలు వైపు చూశాడు.

"ఇదెక్కడిది?"

"లోపలిది."

ఆయన గట్టు వైపు ఒకసారి తిరిగి చూశాడు, తాను నిలబడిన చోటికి. తర్వాత బల్ల అంచు పట్టుకున్నాడు. నేను లేచి నా కుర్చీ వెనకనుంచి జరిపాను. కూర్చున్నాడు. తూటాని చేతిలోకి తీసుకుని అన్నాడు, "నువ్వు చూశావు."

"చూశాను."

"నేను చూడలేదు."

మామా ఏమన్నా అనవచ్చు. మా ఊళ్ళో అయితే ఎవరైనా అని ఉండేవాళ్ళు, ఇన్నాళ్ళూ నాకు నేర్పింది నువ్వే కదా అని. ఆవిడ ఫ్లాస్కు తెరిచి టీ పోసి ఆయన చేతికిచ్చింది. ఆయన టీ తాగకుండా తాళాల గుత్తిలోంచి పెట్టె తాళం విడదీసి ఆవిడ ముందు పెట్టాడు. "ఇది ఇక నా దగ్గర ఉండకూడదు. నా బుర్ర మీద నాకే నమ్మకం లేదు."

మామా తాళం తీసుకుంది. "నా దగ్గర ఉంటుంది," అంది. "కానీ నేను తీసిన ప్రతిసారీ చూసి చూపిస్తాను. నువ్వూ తెరిచి చూడాలి. నువ్వు చూడకపోతే నేను పెట్టెలో పెట్టేస్తాను."

బాబా తలెత్తి ఆవిడ వంక చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజూ పూర్తిగా చూడలేదు, గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. ఆ రాత్రే పెద్దకొడుక్కి ఫోను చేసి మజ్రా అమ్మడంలేదని చెప్పాడు.

మా గదిలో దావీదుకి ఇదంతా చెప్పాను. "దేవుడు కాపాడేడే," అన్నాడు. "దేవుడా? మామా చూసింది," అన్నాను. "చూడమని బుద్ధి పుట్టించిందెవరు మరి?" అని నా నోరు మూయించాడు. మళ్ళీ నేనే అడిగాను, "నాకు అక్షరాలు నేర్పుతారా?" ఇండియాలో ఉన్న మా అమ్మాయి పంపే మెసేజీలన్నీ ఆయనే చదివి వినిపించేవాడు. ఆయన మొహం చిన్నబోయింది. "ఇప్పుడేటయిందే? నేను చదివి చెప్తన్నా గదా. ఎప్పుడన్నా తప్పు చెప్పానా?"

"చెప్పలేదు. కానీ మీరు చదివారు. నేను చదవలేదు."

రెండు రోజులు అలిగాడు. మూడోనాడు ఖర్జూరాల పెట్టె అట్ట చించి, దాని మీద బొగ్గుతో అ రాసి నా ముందు పడేశాడు. వేళ్ళు పెన్నుకి లొంగడానికి ఏడాది పైన పట్టింది. మా అమ్మాయి పాత మెసేజీలన్నీ కూడబలుక్కుని నేనే చదువుకున్నాను. ఆయన ఒక్క మాట కూడా దాచలేదు, మార్చలేదు. అది తెలిశాక ఆయన మీద నా ప్రేమ ఎక్కువైందే తప్ప తగ్గలేదు.

ఆ మజ్రాకి దొంగలు ఎప్పుడూ రాలేదు. తర్వాత కొన్నాళ్ళకి బాబా ఆసుపత్రిలోనే పోయాడు. మామా సంతాపపు రోజులు పూర్తికాగానే పెట్టె తీసుకుని, దావీదుని కారు తీయమంది. పోలీసు స్టేషనులో పిస్తోలు అప్పగించేస్తానంది. నేను ఆపాను. "ఇంత కష్టపడి నేర్చుకున్నావు. ఇప్పుడే కదా కావాలి?"

"నేను చూస్తాను, మార్తా. నా తర్వాత ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను మామా."

"నువ్వు ముట్టుకుంటే జైలుకి పోతావు. నాకు వంట ఎవరు చేస్తారు?" అంది. దారంతా పెట్టెని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. స్టేషనులో పోలీసు ఆఫీసరుకి తెరిచి, ఖాళీ అని చూపించింది. అతను సరే, సరే అంటూ చేయి చాస్తే ఇవ్వలేదు. "నువ్వూ చూడు బాబూ," అంది. అతను చూశాకే చేయి వదిలింది. తర్వాత ఆవిడ ఆ మజ్రాలోనే, లైట్లు, కుక్కలు, ఫోను పెట్టుకుని, భయం లేకుండా బతికింది. కిందటి చలికాలంలో ఆవిడా పోయింది. కొడుకులు మజ్రా అమ్మేసి, మా ఇఖామాలు వేరే కఫీల్ పేరుకి మార్పించారు, మేము ఈ ఊరొచ్చి పడ్డాం.

ఇక్కడ కుట్టిన పెళ్ళిబట్టలు ఇచ్చేముందు లోపల గుండుసూదులు మిగిలాయేమో తడిమి చూస్తాను. తర్వాత తెచ్చి ఫిలిప్పీన్ ఆవిడ చేతిలో పెడతాను. "నువ్వు చూశావుగా," అంటుంది, కాస్త నొచ్చుకున్నట్టు. నొచ్చుకోవద్దని చెప్పేంత ఇంగ్లీషు నాకు రాదు, చెప్తే అర్థమయ్యేంత అరబ్బీ ఆవిడకి రాదు. ఆవిడ మడత విప్పి, వేళ్ళు పెట్టి చూసేదాకా అక్కడే నిలబడతాను.