ఎర్ర అట్ట పుస్తకం

మొన్న మిర్యాలగూడ బస్సు దిగిన ఒకాయన మా పంతులమ్మ పోయిందని చెప్పాడు. నేను నమ్మలేదు. నువ్వు చూశావా, ఎవరు చెప్పారు అని మూడుసార్లు అడిగాను. జ్వరమట, నాలుగు రోజులట. మర్నాడు ఆమె చెల్లెలు ఒక చేతిసంచి తెచ్చి నా ముందు పెట్టాక గాని నా ప్రశ్నలు ఆగలేదు.

సూర్యాపేటలో మా పక్కింట్లో రెండేళ్లు కిరాయికి ఉంది ఆమె. ఆడపిల్లల బడిలో పని. సాయంత్రాలు మేం నలుగురు ఆడవాళ్లం మోదుగాకులతో విస్తర్లు కుడుతుంటే, మా మధ్య కూర్చుని పుస్తకం చదివేది. ఆపిన చోట ఆకులు గుచ్చే విస్తరి పుల్ల ఒకటి పెట్టి మూసేది.

నాకు పుస్తకాల మీద మొదటినుంచీ అనుమానమే. ఒకదానికి పొట్ట పట్టుకుని నవ్వేది. ఇంకొకదానికి ఎవరో తిట్టినట్టు ముఖం కందేది. ఒకరోజు కొంగు తడిసేలా ఏడ్చింది.

"ఎవలు సచ్చిండ్రు పంతులమ్మా?"

"ఎవలు సావలే పెద్దమ్మా. కతల పిల్లకు జరమొచ్చింది."

"లేని పిల్లకు జరమొస్తే నువ్వేడుస్తవా? కాయితానికేమన్న పూసిండ్రేమో సూడు."

"పూసిండ్రు. మసి," అని కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. మీరు నవ్వినా సరే, నేనా రోజు చేతులు కడుక్కున్నాను.

అప్పుడు ఊళ్లో కమ్యూనిస్టుల కోసం పోలీసు సోదాలు. ఎర్ర పుస్తకం దొరికితే ఇంట్లో మగవాళ్లను తీసుకుపోతారని చెప్పుకునేవారు. ఆ నెల ఆమె చదువుతున్నది ఎర్ర అట్టదే. అందులో, తల్లితో పోట్లాడి వెళ్లిన పిల్ల పడవలో తిరిగొస్తోంది. నది నడుమ గాలి లేచిందనే చోట ఆపింది.

"ఉట్టి కతనే పెద్దమ్మా. అట్ట సూసి గుంజుకపోతరేమోనని. జర దాసిపెట్టు," అని నాకిచ్చింది.

నాకు అక్షరం రాదు. చదివేది ఒకటి, రాసి ఉన్నది ఇంకొకటి అయితే? ఇంట్లో ఇద్దరు కొడుకులు. రెండు రోజులు వడ్ల గుమ్మిలో దాచాను. కుక్క మొరిగినా ఉలిక్కిపడ్డాను. మూడోరోజు పొద్దున పొయ్యిలో పెట్టేశాను.

కాల్చానని చెప్పినప్పుడు ఆమె పొయ్యిలో బూడిదను పుల్లతో కదిపి చూసింది.

"సదువొస్తే ఏది కాల్సాల్నో నీకే తెలుస్తది. రేపటిసంది పలక పట్టు."

అంతే. ఆ మాట వల్లే ఈ నాలుగు ముక్కలు కూడబలుక్కుని రాస్తున్నాను.

మిగతా ఆడవాళ్లు నన్ను వదల్లేదు. "పడవల పిల్లను నువ్వే ముంచినవ్ పో," అన్నారు. పంతులమ్మ అడ్డం వచ్చింది. "నేను ఎన్నడో సదివిన. ఒడ్డుకొచ్చింది. తల్లి మోకాళ్ల లోతు నీళ్లల్లకు ఎదురుపోయింది."

అందరూ కళ్లొత్తుకున్నారు. నేను ఆమెనే చూశాను. ఎప్పుడూ కాగితం వైపు చూసి ఏడ్చే మనిషి, ఈ మాట నా వైపు చూసి చెప్పింది. నన్ను ఊరుకోబెట్టడానికి అల్లిందేమోనన్న అనుమానం ఆమె మిర్యాలగూడకు బదిలీ అయినా పోలేదు. కలిసినప్పుడు అడగాలనుకుంటూనే ఉన్నాను.

సంచిలో అదే ఎర్ర అట్ట పుస్తకం. కోదాడ నుంచి కొత్తది తెప్పించుకుందట.

"మీతోని కలిసి సదువుతనని ఆపింది," అంది చెల్లెలు. "ఆ పిల్ల ఏమైందో తనకు గూడ తెల్వదన్నది."

విస్తరి పుల్ల పడవ దగ్గరే ఉంది. కొత్త పుస్తకం కదా, అక్కడిదాకా కాగితాల మడతలు కోసుకుంటూ చదివింది. ఆ తర్వాతి కాగితాలు అంచులు కోయకుండా, మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. కోద్దామని పుల్ల తీసి మొదటి మడతలో దూర్చాను. అవతల ఆ తల్లి నీళ్లలోకి దిగి ఉందో లేదో. పుల్ల అక్కడే పట్టుకుని కూర్చున్నాను. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోతోంది.