పొందూరు కోడలి కడుపు ఫొటో

మొన్న శ్రీకాకుళంలో స్కానింగుకు వెళితే, అక్కడి అమ్మాయి సీసాడు మందునీళ్ళు చేతికిచ్చి నారింజ రుచేలే తాగేయమంది గానీ, గుటక దిగీ దిగకముందే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కలిపిచ్చిన సుద్దనీళ్ళు గుర్తొచ్చి, నామీద నాకే రోత పుట్టింది.

అరవైల చివర్లో ఈ జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. చీకటిగదిలో ఫిల్ములు కడిగే మందుల కంపు, ఆ చేతులతోనే అన్నం. ఆనాటి ఆసుపత్రులు ఎరిగిన మీకు వేరే చెప్పాలా! ఒకనాడు పొందూరు నుంచి ఒక అత్తగారు కోడల్ని తీసుకొచ్చింది. మొగుడు పోయి రెండేళ్ళయిన పిల్ల, రోజంతా రాట్నం ముందు కూర్చుని నూలు వడికే పిల్ల, కడుపేమో ఎత్తుగా ఉంది. ఊరు నోటికొచ్చినట్టు కూసింది. అత్తగారు కూడా, "ఎన్నో నెలో సెప్పండి బాబూ, ఈయేలే పుట్టింటికి తోలెత్తాను" అని వరండా అంతా వినబడేలా అంటోంది. ఆ పిల్ల తలెత్తలేదు.

మొదటి ఫిల్ములో బిడ్డ ఎముకలు లేవు. పెద్ద డాక్టరుగారు పొట్ట లోపల ఏముందో ఫిల్ములో కనబడేలా, సుద్దలాంటి బేరియం మందు తాగించి మళ్ళీ తీయమన్నారు. సగం తాగి నా చేతుల మీదే కక్కేసింది. ఏం కంపండీ బాబూ! "ఛీ!" అని అరిచి దూరంగా గెంతాను. ఆ పిల్ల "తప్పయిపోనాది బాబూ" అంటూ చీర కొంగుతో నేల తుడిచి, మిగిలిన సగం కళ్ళు మూసుకుని తాగింది.

ఫిల్ము కడిగి చూస్తే తెల్లటి మందు నడుమ పొట్టనిండా ఒకటే ముద్ద. కోసి తీస్తే వెంట్రుకలు! మొగుడు పోయిన నాటినుంచీ తన జుట్టే పీక్కుని మింగుతోందట, మధ్యమధ్య దూది పీచు కూడాను. బేసిన్లో ఆ నల్లటి జిగట చూశాక రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు. అంతకన్నా రోత అత్తగారి మాట. నింద తప్పని తేలింది కదా, కోడల్ని పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. "సీ! జుట్టు తినీదాన్ని ఇంట్లో ఎలాగెట్టుకుంతాం?" అనేసి బస్సెక్కిపోయింది. ఆవిణ్ణి నోరారా తిట్టుకున్నాను. తిట్టీ తిట్టీ, ఆవిడా నేనూ అన్నది ఒకటే మాట కదా అని తోచి చచ్చేంత సిగ్గేసింది.

కుట్లు విప్పాక ఆ పిల్లను అన్న వచ్చి తీసుకెళ్ళాడు. వెళుతూ నా గది ముందు ఆగి, నేను బయటికి రాగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి, అక్కణ్ణుంచే దండం పెట్టింది.

ఇప్పటి స్కానింగు పిల్లలు ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకునే ఉంటారు, వాళ్ళకి రోత పుట్టినా రోగికి తెలియదు. ఆ పాటి గుడ్డ మా రోజుల్లో నా మొహానికి ఉండి ఉంటే, ఆ పిల్ల తన నోరు మూసుకోవలసి వచ్చేది కాదేమో.