నల్లకొంగ గూటికి దారి చెప్పాను

నేను తీసిన పిట్ట ఫొటో చూసి గుడ్డికొంగ అన్నాడాయన. మా పక్షుల వాట్సాప్ గ్రూపులో ఆయనే పెద్ద తలకాయ. గుంటూరు మనిషి, మెడలో మూరెడు లెన్సు. "నీడలో నల్లగా పడింది మేడమ్, మామూలు గుడ్డికొంగే" అని రాసి, పక్కన నవ్వుతున్న బొమ్మ ఒకటి అతికించాడు. మాట కంటే ఆ బొమ్మకే నాకు ఒళ్లు మండింది.

తెనాలిలో నాది రక్తపరీక్షల ల్యాబు. ఇరవై ఏళ్లుగా మైక్రోస్కోపులో చూసి, ఉన్నది ఉన్నట్టు రాసిస్తున్నదాన్ని. నాకు గుడ్డికొంగ తెలియదా? మా డెల్టాలో పుట్టినవాళ్లకి కాకి తర్వాత తెలిసే పిట్ట అది. కూర్చున్నంతసేపూ మట్టిరంగు, లేచిందంటే తెల్లటి రెక్కలు. నేను తీసినదానికి రెక్కలు కూడా నలుపే. మెడ పక్కన ఒక పసుపు చార, పసుపు ముద్దలో వేలు ముంచి గీసినట్టు. అది నల్లకొంగ. మా వైపు అది గూడు పెట్టగా ఫొటో తీసినవాళ్లు గ్రూపులో ఎవరూ లేరు. నేను తీశాను. నీటి పక్కన నిలువెత్తు పెరిగే జమ్ము గడ్డిలో గూడు, గూట్లో నాలుగు గుడ్లు.

ఆ జమ్ము రేపల్లె దారిలో, మురుగుకాలువ పక్కన ఒక కౌలురైతు పొలం మూలలో ఉంది. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. నాట్లకు ముందు జమ్ము తీసెయ్యాలి, లేకపోతే వాన నీళ్లు కాలువలోకి దిగక ఆ మూలంతా మునుగుతుంది. గూడు చూపించి బతిమాలాను.

"సర్లేమ్మా, పిల్లలు ఎగిరిపోయేదాకా ఉంచుతా. ఓ మూల మునిగితే మునిగింది" అన్నాడు.

అన్నట్టే మిగతా చేను నాటించి ఆ మూల వదిలేశాడు. రెండు వానలకే అక్కడ మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నన్ను ఒక్క మాట అనలేదు.

గ్రూపులో మాత్రం అనడానికి తీరిక దొరికింది అందరికీ. లొకేషన్ పెట్టకపోతే రికార్డు ఒప్పుకోరట. గుడ్లు పొదుగుతోంది, పిల్లలు ఎగిరాక చెప్తానన్నాను. "పిట్ట ఉంటేగా లొకేషన్ ఉండేది" అన్నాడొకడు. సూర్యలంక బీచి ఇసుకలో ఏ ఉల్లంకి పిట్ట కనబడినా పేరు చెప్పమని నాకు ఫోన్ చేసే బాపట్ల ఆయన కూడా ఆ మాటకి బొటనవేలు ఎత్తాడు. నా దగ్గర నేర్చుకుని నాకే! నాలుగు రోజులు పళ్లు కొరుక్కున్నాను. అయిదో రోజు ల్యాబులో పని మధ్యలో ఆపి లొకేషన్ పంపేశాను. "కళ్లున్నవాళ్లు వచ్చి చూసుకోండి" అని కూడా రాశాను. రోషానికి పోయాను. ఆ పూట ఎంత హాయిగా అన్నం తిన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్నే నేను వెళ్లేసరికి గట్టు మీద మూడు కార్లు. గూటికి ముందున్న జమ్మునంతా మొదలంటా కోసి పక్కన పడేశారు. గూడు నాలుగు వైపులకీ కనిపిస్తోంది. అందులో పగిలిన పెంకు తప్ప ఏమీ లేదు. నల్లకొంగ జాడ లేదు.

"అడ్డం తీస్తేగానీ ఫోకస్ కుదరలేదండి" అన్నాడొకడు.

"పిట్ట లేచిపోగానే కాకులు దిగాయి మేడమ్. అది కూడా మంచి షాట్ వచ్చింది" అంటూ గుంటూరు పెద్దమనిషి కెమెరా నా మొహం ముందు పెట్టాడు.

నేనేం తిట్టానో ఇక్కడ రాయను. మీకు సిగ్గుందా, ఎవరి చేను, ఎవరినడిగి కోశారు అని గొంతు పోయేలా అరిచాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంతలో బాబాయ్ చెంబుతో మంచినీళ్లు పట్టుకుని వచ్చాడు, వాళ్ల కోసం.

"నేనే కొయ్యమన్నానమ్మా" అన్నాడు బెదురుగా. "మీ పేరు చెప్పారు. కొడవలి అడిగితే ఇచ్చా. మీవాళ్లు కదా, పిట్ట సంగతి నాకంటే వాళ్లకే తెలుస్తుందనుకున్నా."

ఇంక ఎవరిని తిట్టను? చేతిలో ఫోను మోగింది. పెద్దమనిషి అక్కడే నిలబడి గ్రూపులో పెట్టేశాడు: "నల్లకొంగే. మేడమ్ గారిదే కరెక్ట్." కింద వరసగా దణ్ణాలు, చప్పట్లు. వాళ్ల కార్లు వెళ్లిపోయేదాకా నేనూ బాబాయ్ గట్టు మీదే నిలబడ్డాం. ఆయన మునిగిన మూల వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

"మరి మిగతా జమ్ము కూడా తీసెయ్యనా అమ్మా?"

"తీసెయ్ బాబాయ్" అన్నాను.