తండా వైపు తిరిగిన బస్సు

దంతాలపల్లి నుంచి వచ్చే రోడ్డు మీద మా స్టేజీ దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడికి పోతే మా ఊరు, ఎడమకు పోతే తండా. మహబూబాబాద్ పోయే బస్సు ఈ రెండింటిలో ఏ ఊళ్లోకి వచ్చి పోవాలన్నది ఈ మధ్యనే తేలింది. అది తండాకు పోతోంది. పొద్దున దాని హారన్ వినబడితే నాకు కడుపు మండుతుంది.

నా భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. జనగామ గ్రంథాలయంలో పనిచేసిన రోజుల్లో పోయినవాళ్లను తలుచుకుంటూ రాసిన పుస్తకాలు చాలా చదివాను. వాటిలో దుఃఖం ఉంటుంది, పశ్చాత్తాపం ఉంటుంది. బతికి ఉన్నవాళ్లను చూసి ఓర్వలేకపోవడం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. నాకు మాత్రం రోజులో ఎక్కువ భాగం అదే ఉంటుంది.

ఒకప్పుడు బస్సు మా ఊళ్లోకే వచ్చేది. నేను ఆ బస్సులోనే బయలుదేరి, మధ్యలో మారి, జనగామకు ఉద్యోగానికి పోయేవాడిని. తర్వాత ఇంటింటికీ మోటారు బండి వచ్చింది. పిల్లల కోసం ప్రైవేటు బడి వ్యాన్లు వచ్చాయి. కొంచెం స్తోమత ఉన్నవాళ్లు పిల్లల చదువులని జనగామకో వరంగల్‌కో మారిపోయారు. మా వాడకట్టులో ఇప్పుడు తాళాలున్న ఇళ్లే ఎక్కువ. బస్సు ఖాళీగా తిరిగి తిరిగి ఒకరోజు రావడం మానేసింది. ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, అప్పటికి నాకూ బండి ఉంది.

అదే కాలంలో తండా పెరిగింది. విడిగా పంచాయతీ అయింది. అక్కడి ఆడవాళ్లు పత్తికి, మిరపకాయ ఏరడానికి గుంపులుగా పోయేవారు. ఆడవాళ్లకు బస్సులో టికెట్ పైసలు లేకుండా అయిన తర్వాత వాళ్లు ఆటోలు వదిలేసి, స్టేజీ దాకా నడిచి బస్సెక్కడం మొదలుపెట్టారు. మా ఊరివాళ్లం మాత్రం మాదే పెద్ద ఊరనీ, తండా అంటే మా ఊరి పక్కన ఉండేదనీ అనుకుంటూనే ఉన్నాం.

నా భార్యకు కిడ్నీలు పాడైంది ఆ తర్వాతే. వారానికి మూడుసార్లు మహబూబాబాద్ దవాఖానలో డయాలిసిస్. బండి మీద స్టేజీ దాకా పోయి, బండి అక్కడ పెట్టి, దొరికిన బస్సో ఆటోనో ఎక్కేవాళ్లం. మొదటి వారంలోనే స్టేజీ దగ్గర తండా ఆమె పరిచయమైంది. ఆమెదీ అదే జబ్బు, అవే రోజులు. దవాఖానలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు.

వాళ్లకు స్నేహం కుదిరింది. ఆమె నా భార్యను అక్కా అని పిలిచేది. ఆ వరసన నన్ను బావా అనేది. మిషన్ తిరుగుతున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకునేవారు. నీళ్లు కొలతగా తాగాలి కదా, దాహమైతే ఎవరు ఎట్లా ఓర్చుకుంటున్నారో చెప్పుకుని నవ్వుకునేవారు. "నిన్న నేను మా ఆయన తాగుతుంటె చూసిన అక్కా. చూసుడు కూడ లెక్కలకు వస్తదా?" అని ఆమె ఒకసారి అడిగితే నా భార్య సూది కదిలేంతగా నవ్వింది. నర్సు కోప్పడింది. ఇంట్లో నాతో ఆమె అట్లా నవ్వి చాలా రోజులైంది. ఆ రోజే నాకు తండా ఆమె మీద మొదటిసారి కుళ్లు పుట్టింది.

ఆమె భర్త నాలాగే మంచం పక్కన కూర్చునేవాడు. మేమిద్దరం తక్కువే మాట్లాడుకునేవాళ్లం. ఆ భార్యాభర్తలు మాత్రం తమ లంబాడీ భాషలో ఎంతసేపైనా మాట్లాడుకునేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. జబ్బు గురించి కాదని మాత్రం గొంతులను బట్టి తెలిసేది. నేనూ నా భార్యా అప్పటికి జబ్బు తప్ప వేరే మాట మాట్లాడుకోవడం మానేశాం.

వానాకాలంలో నా భార్య పోయింది. తండా ఆమె బతికింది.

దినాలయ్యాక నా బామ్మర్ది నన్ను భూపాలపల్లి తీసుకుపోయాడు. అతనిది బొగ్గుబాయిలో ఉద్యోగం. క్వార్టర్ ముందు కూర్చుంటే షిఫ్టు మారే వేళకు బాయి బస్సు వచ్చి ఆగేది. ఇద్దరో ముగ్గురో ఎక్కేవారు. మిగతావాళ్లు బండ్ల మీద పోయేవారు.

"ఇంత ఖాళీగ ఎందుకు తిప్పుతరు?" అని అడిగాను.

"ఒకప్పుడు నిలబడ జాగ ఉండకపోయేది బావా. ఇప్పుడు అందరికి బండ్లైనయ్. అయినా బాయి నడవాలంటె బస్సు రావాలె గదా" అన్నాడు.

నేను ఆ ఖాళీ సీట్లనే చూస్తూ కూర్చున్నాను. వాటిలో ఒక్కటి మా దగ్గర ఉంటే చాలనుకున్నాను. అప్పటికి నాకు ఆ ఒక్క సీటుతో పని లేదు. అయినా అనుకున్నాను. నాలుగు రోజులకే తిరిగి వచ్చేశాను.

తర్వాత కొన్నాళ్లకు, మా వైపు మళ్లీ బస్సు వేసే ఆలోచనలో డిపోవాళ్లు ఉన్నారని తెలిసింది. ముందు కొన్ని రోజులు మా ఊళ్లోకి, కొన్ని రోజులు తండాలోకి తిప్పి చూస్తారట. ఎక్కడ జనం ఎక్కితే అక్కడ ఉంచుతారట. చివర్లో అధికారి ఒకాయన బస్సులోనే వచ్చి రెండుచోట్లా స్వయంగా చూస్తాడట. మొదట మా ఊరు, మరుసటి రోజు తండా.

ముందురోజు సాయంత్రం సర్పంచి మా ఇంటికి వచ్చాడు. నాకంటే చాలా చిన్నవాడు.

"సారూ, రేపు డిపో పెద్దసారు వస్తుండు. మనూరి ఇజ్జత్ సంగతి. మీరే రెండు ముక్కలు మాట్లాడాలె."

ఒప్పుకున్నాను. కాసేపటికి పంచాయతీ మైకులో అతని గొంతు వినబడింది. "రేపు పొద్దుగాల ఎవ్వలు ఎటు పోవద్దు. పనులుంటె బంద్ పెట్టుకోండ్రి. అందరు పంచాయతి కాడికి రావాలె. సారు వచ్చేసరికి ఊరంత కనబడాలె."

ఊరికి ఎవరైనా అధికారి వస్తే మా దగ్గర అట్లాగే చేస్తాం. పొద్దున్నే అందరూ వచ్చారు. డప్పులు, శాలువా, పూలదండ, టీ, ఉప్మా అన్నీ సిద్ధం చేశారు. పట్నం పోవాల్సినవాళ్లు పట్నం మానుకున్నారు. కూలికి పోయే ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకుని వచ్చి నిలబడ్డారు. బస్సు వచ్చింది. అధికారి దిగాడు. దండ వేశారు. నేను రాసుకున్నది చదివాను. మా ఊరి పాత గొప్పలు కొన్ని, ముసలివాళ్ల ఇబ్బందులు కొన్ని, నా భార్య పేరు చెప్పకుండా ఆమె సంగతి కొంత.

ఆయన ఓపికగా విని తన లెక్క చెప్పాడు. "ఒక్క బస్సే ఇయ్యగలుగుతం. డ్రైవర్లు తక్కువున్నరు, బండ్లు పాతవి. రెండు ఊర్లలోకి పోయి వస్తే మహబూబాబాద్ చేరేసరికి దవాఖానలో ఓపీ చిట్టీలు బందైతయి. ఎక్కేవాళ్లు ఎక్కడుంటే అక్కడికే తిప్పాలి. లేకుంటే ఇంకో ఏడాదికి మళ్లీ తీసేయాల్సి వస్తది." అందులో తప్పేమీ నాకు కనబడలేదు.

టీ తాగి బస్సు దగ్గరికి నడిచాడు. మేమంతా వెనకే పోయాం. ఆయన లోపలికి ఎక్కి సీట్లన్నీ చూసి మళ్లీ తల బయటికి పెట్టాడు.

"మరి ఎక్కేటోళ్లు ఏరి?"

"ఇయ్యాల ఎవ్వలు పోతలేరు సార్," అన్నాడు సర్పంచి సంతోషంగా. "ఇయ్యాల మీరొచ్చిండ్రు గదా!"

బస్సు వచ్చినంత ఖాళీగానే తిరిగిపోయింది. డప్పు కొట్టేవాళ్లు అది మలుపు తిరిగేదాకా కొడుతూనే ఉన్నారు. అంతమందిలో ఒక్కరికీ ఎక్కాలని తట్టలేదు. అన్ని పుస్తకాలు చదివిన నాకూ తట్టలేదు.

మరుసటి రోజు అక్కడ ఏం జరిగిందో తండా ఆమె భర్త తర్వాత స్టేజీ దగ్గర చెప్పాడు. "మేమేం జెయ్యలే సారూ. ఆయన వస్తుండని తెల్సు గని, మిరపతోటకు పోయే టైమాయె. అందరం ఎక్కినం. పాపం ఆయనకే సీటు దొరకలే. ఒక ముసల్ది తెల్వక 'జర లోపలికి జరుగు, అడ్డం నిలబడ్డవేంది' అని ఆయననే దబ్బున నూకింది."

అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. బస్సు తండాకు ఖాయమైందని ఆ రోజుకే తెలిసిపోయింది.

ఇంటికి వచ్చి చాలాసేపు ఆ లెక్కే ఆలోచించాను. జబ్బు మనిషి ఒక్కతే ఉంటే బస్సు రాదు. తండా ఆమె ఒక్కతే అయితే ఆమె కోసమూ వచ్చేది కాదు. మిరపకాయ ఏరే ఆడవాళ్లు నిండుగా ఉన్నారు కాబట్టి వాళ్ల మధ్య ఆమెకూ ఒక సీటు దొరికింది. నా భార్య చుట్టూ అట్లాంటి జనం లేరు. చుట్టూ ఉన్నవి తాళాలు వేసిన ఇళ్లు, బండ్లు. ఇట్లా ఎంత న్యాయంగా ఆలోచించినా మంట తగ్గలేదు.

బస్సు మొదలైన తర్వాత ఒక సోమవారం మా ఊరి మగవాళ్లు స్టేజీ దగ్గర దాన్ని ఆపాలని నిర్ణయించుకున్నారు. నన్ను పిలిచారు. సోమవారం తండా ఆమెకు డయాలిసిస్ అని తెలిసే పోయాను. శని, ఆదివారాలు మిషన్ ఉండదు కాబట్టి సోమవారానికి ఒంట్లో నీరు ఎక్కువ చేరుతుంది. ఆలస్యమైతే మంచం తర్వాతివాళ్లకు పోతుంది. అదంతా తెలిసే పోయి రోడ్డు మీద నిలబడ్డాను.

బస్సు తండా నుంచి నిండుగా వచ్చి మా ముందు ఆగింది. కండక్టర్ దిగింది.

"మాట్లాడే పెద్దమనిషి ఎవరన్న ఉన్నరా, అందరు ఇట్లనే అరుస్తరా?"

వెనక నుంచి నన్ను ముందుకు నెట్టారు. అప్పుడే కిటికీలోంచి తండా ఆమె నన్ను చూసింది.

"బావా! ఎండల గీడ నిలబడ్డవేంది? ఎక్కు, ఎక్కు. సీటిస్తడు."

నేను మహబూబాబాద్ పోవడానికి వచ్చాననుకుంది. పక్కనున్న భర్త అప్పటికే లేచి నిలబడి, నా కోసం సీటు మీద చెయ్యి పెట్టి ఉంచాడు. ఆమె ముఖం ఉబ్బి ఉంది. కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. ఆ ఉబ్బు నాకు తెలుసు. ఎంతసేపు ఆగగలదో కూడా తెలుసు.

"పోనియ్యుండ్రి," అన్నాను.

"ఏంది సారూ, మీరే గిట్లంటె ఎట్ల?" అన్నాడు సర్పంచి.

"దవాఖానకు పోయే మనిషున్నది. పోనియ్యుండ్రి."

వెనక నుంచి ఎవరో అన్నారు, "సారింట్ల ఇప్పుడు ఎక్కేటోళ్లు లేకపాయె. ఆయనకేంది!"

ఎవరన్నారో తిరిగి చూడలేదు. ఆ మాటలో అబద్ధం లేదు. ఈలోగా డోరు దగ్గర ఆధార్ కార్డులు పట్టుకుని మా ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఒకామె, బస్సుకు అడ్డంగా నిలబడ్డ తన మొగుడికి మెట్టు మీద నుంచే చెప్పింది.

"నువ్వు ఆపుతనే ఉండు. నేను అంగడికి పోయొస్త."

ముందు డ్రైవర్ నవ్వాడు, తర్వాత మావాళ్లూ నవ్వారు. ఆ తర్వాత రోడ్డు మీద ఎవరూ నిలబడలేకపోయారు. కండక్టర్ నన్ను "ఎక్కుతరా సార్?" అని అడిగింది. లేదన్నాను. బస్సు కదిలాక తండా ఆమె భర్త ఆ సీటులో మళ్లీ కూర్చున్నాడు. వాళ్లిద్దరూ తమ భాషలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

సాయంత్రం బస్సు తిరిగి వచ్చే వేళకు మళ్లీ స్టేజీ దగ్గరికి పోయాను. ఆమెకు మంచం దొరికిందో లేదో తెలియాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. దొరికిందని చూడగానే తెలిసింది. ముఖంలో నీరు దిగింది. మిషన్ మీద నుంచి లేచినవాళ్లకు వచ్చే మొద్దునిద్రలో కిటికీకి తల ఆనించి ఉంది. నా భార్యకూ ఆ నిద్రే వచ్చేది, బండి మీద. పడిపోకుండా ఇద్దరి నడుములకూ కలిపి ఒకే తువ్వాల కట్టి, నెమ్మదిగా ఇంటికి తీసుకొచ్చేవాడిని.

బస్సు ఎడమకు తిరిగి తండాకు పోయింది. నేను కుడికి తిరిగి నడిచాను.