కింద పెట్టని కుండ

పారిస్‌లో బల్ల చుట్టూ కూర్చుని, మా ఊరి వాగులో ఓడలు నడుస్తాయని రాసిన మహానుభావుడెవరో నాకు తెలీదు. తెలిస్తే ఈ వయసులోనైనా వెళ్ళి, వాడి గోరీ ముందు నిలబడి నాలుగు దులిపి వచ్చేదాన్ని. ఓడలట ఓడలు! ఎండాకాలంలో మా వాగుని బాతులు కూడా నడిచే దాటతాయి. అయినా పెద్దయుద్ధం ముగిశాక దొరలు ఒడంబడిక రాసుకుని, ఓడలు నడిచే నది కాబట్టి ఇదే సరిహద్దన్నారు. దక్షిణపు గట్టు హంగరీకి, ఉత్తరపు గట్టు చెకోస్లొవేకియా అనే కొత్త దేశానికి. చర్చీ, సమాధులూ ఉత్తరానికి పోయాయి. పిండిమర దక్షిణాన మిగిలింది. రెండు గట్ల మీదా ఉన్నది మేమే, మాట్లాడేది హంగేరియనే. ఈ నిర్వాకానికి శాంతి అని పేరు పెట్టారు.

నేను చెప్పేది ఎతెల్కా గురించి. ఆవిడ మా నాన్నకి జ్ఞానతల్లి, అంటే బాప్తిస్మం నాడు బిడ్డని ఒళ్ళో పట్టుకుని రెండో తల్లయ్యే మనిషి; తర్వాత నాకూ ఆవిడే. ఆవిడ ఇల్లు దక్షిణపు గట్టున, మాది ఉత్తరపు గట్టున. మా నాయనమ్మ మా నాన్న గెర్గెయ్‌ని కని జ్వరంతో మంచాన పడితే, అప్పటికే చంటిబిడ్డ తల్లయిన ఎతెల్కా అతన్నీ తన ఒళ్ళోకి తీసుకుంది. కొడుకు దేనెష్ ఒక పక్క, మా నాన్న ఒక పక్క. "ఇద్దరూ ఒకేసారి ఆకలని ఏడ్చేవాళ్ళే తల్లీ! వాళ్ళతో పాటు నేనూ కూర్చుని ఏడ్చేదాన్ని" అని నాకు నవ్వుతూ చెప్పేది.

ఆ సరిహద్దు గీత పడేనాటికి పిల్లలిద్దరూ బడికి వెళ్ళే వయసు వాళ్ళు. మా నాన్న బడిలో కొత్తగా వచ్చిన స్లోవాక్ మాస్టారు, ఆటల్లో హంగేరియన్ మాట వినిపించినా చెవి మెలిపెట్టేవాడు. దేనెష్ బడిలో రోజూ పొద్దున్నే పిల్లల్ని నిలబెట్టి, పోయిన నేలంతా తిరిగి మనదవుతుందని ప్రార్థన చేయించేవారు. ఒకరోజు దేనెష్ ఇంటికొచ్చి, "అమ్మా, గెర్గెయ్ వాళ్ళు మన నేల దొంగిలించారటగా?" అన్నాడు. ఎతెల్కా పిండి కలుపుతోంది. ఆ పిండి చేత్తోనే వాడి వీపు మీద ఒకటిచ్చి, చేతులైనా కడుక్కోకుండా నేరుగా బడికి వెళ్ళింది.

"మాస్టారూ, మా గెర్గెయ్ ఏం దొంగిలించాడు? చెప్పండి. నా దగ్గర తాగిన పాలా?"

"ఇది దేశానికి సంబంధించిన విషయం ఎతెల్కమ్మా. నీకర్థం కాదులే."

"ఎందుకర్థం కాదూ? పొద్దున్నే పసివాళ్ళ నోట్లో విషం పోస్తున్నారు. రేపు మీసాలొచ్చాక దాన్ని ఎవరి మీద కక్కుతారు? పారిస్ దొరల మీదా? వాళ్ళెక్కడ దొరుకుతారు? వాగవతల ఉన్నవాడి మీదే కక్కుతారు!"

మాస్టారు నవ్వి, ఇంటికెళ్ళి రొట్టె చూసుకోమన్నాడట. రొట్టె చూసుకోవాలట! ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటినుంచి ఆవిడకి ఒకటే పట్టుదల. తన పాలు తాగిన ఇద్దరూ ఒకరి మీద ఒకరు తుపాకీ ఎత్తకూడదు. పర్మిట్ ఇస్తే వంతెన మీదుగా, ఇవ్వకపోతే రెల్లు పొదల్లోంచి, ప్రతి పండక్కీ ఇద్దర్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టేది. గసగసాల రొట్టె చుట్టల్లో పెద్ద ముక్క కోసం వాళ్ళు కొట్టుకుంటే, "కొట్టుకోండ్రా, ఇక్కడే కొట్టుకోండి. బయట మాత్రం వద్దు" అనేది.

ఇంత చేసినా, పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిది శరదృతువులో ఇద్దరికీ కాకీ బట్టలు తొడిగారు. హంగరీ పాత నేల అడుగుతోంది, అవతలివాళ్ళు ఇచ్చేది లేదంటున్నారు. ఊరి పిల్లలకైతే దారులు తెలుసని, ఇద్దర్నీ తెచ్చి మా వాగు మీదే కాపలా పెట్టారు. ఈ గట్టున దేనెష్, ఆ గట్టున మా నాన్న. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మ తెర్కా నన్ను కన్నది.

మా వైపు ఒక ఆచారం ఉంది. బాలింత పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, బిడ్డ జ్ఞానతల్లే వండి తెచ్చి పెట్టాలి. ముదురు కోడిని ముక్కలు చేసి, క్యారెట్లు వేసి, సన్నటి సేమ్యాతో చారు కాచి, మట్టి కుండకి తెల్లగుడ్డ కట్టి మోసుకెళ్ళాలి. పొయ్యి మీంచి దింపిన కుండ బాలింత మంచం చేరేదాకా నేల తాకకూడదు. తాకితే తల్లికి పాలు ఇంకిపోతాయని మా నమ్మకం. దీనికోసం కుండ మార్చుకునే చేతులు కూడా మా ఊళ్ళో సిద్ధంగా ఉండేవి. దారిలో ఎవరికి భుజాలు లాగినా పక్కావిడ వచ్చి అందుకునేది. కింద మాత్రం పెట్టేవాళ్ళు కాదు.

ఎతెల్కా పట్టపగలు కుండ ఎత్తుకుని బయల్దేరింది. పక్కింటి యూలిష్ ఎదురొచ్చి అడ్డుపడింది.

"నీకేమన్నా మతి పోయిందటే? వంతెన మూసేశారు. వాగు పొడుగునా తుపాకులు పట్టుక్కూర్చున్నారు!"

"కూర్చోనీవే. వాళ్ళకి వేరే పనేముంది? పిల్లకి పాలు పడాలి. పైగా అటొకడు, ఇటొకడు నా పిల్లలే కదా. మధ్యలోంచి నేను నడిస్తే ఇద్దరికీ సిగ్గొస్తుంది."

ఆవిడ నీళ్ళలో దిగింది. చీలమండల దాకా ఉన్నాయి నీళ్ళు. ఓడలు నడిచే నది మరి! దక్షిణపు గట్టు మీది హవిల్దారు ఎక్కడో దూరప్రాంతం వాడు. ఆ గుడ్డ మూటని చూసి కేకేశాడు.

"ఆగు! చేతిలోది కింద పెట్టు! చేతులు పైకెత్తు!"

"కుదరదయ్యా. ఇది బాలింత చారు."

"కింద పెట్టమన్నానా! కింద పెట్టు!"

"సార్, మా అమ్మ సార్!" అని దేనెష్ మొత్తుకున్నాడు. "అది కింద పెట్టకూడదు సార్, మా ఊరి ఆచారం!"

అవతలి గట్టు మీంచి మా నాన్నకి అంతా కనిపించింది. బయటివాడికి ఆ ఆచారం అర్థం కాదు, ఆవిడ చచ్చినా కుండ దించదు. రెండూ తెలిసినవాడు కాబట్టి చేతులు చాపుకుంటూ నీళ్ళలోకి పరిగెత్తాడు. "అమ్మా, నాకివ్వు! నేను పట్టుకుంటా!" అని అరిచాడు. కుండ కోసం చాపిన చేతులవి. కానీ వీపున తుపాకీ వేలాడుతోంది, ఒంటిమీద అవతలి దేశం బట్టలున్నాయి.

"కాల్చు!" అన్నాడు హవిల్దారు దేనెష్‌తో. దేనెష్ తన తుపాకీని రెల్లు పొదల్లోకి విసిరికొట్టాడు. వాడి పక్కవాడు కాల్చాడు.

మా నాన్న ఎతెల్కా కాళ్ళ దగ్గరే పడ్డాడు. బాతులు నడిచే నీళ్ళలో మునిగిపోలేదు, అక్కడే ప్రాణం పోయింది. ఆ తర్వాత ఎవరూ కాల్చలేదు. ఎతెల్కా వంగలేదు. వంగితే కుండ ఒలుకుతుంది. అతన్ని దాటుకుని గట్టెక్కి, మా ఇంటికొచ్చి, మా అమ్మ మంచం పక్కన కూర్చుంది.

"నీ పావడా అంచంతా తడిసిందేమిటి అత్తా?" అంది మా అమ్మ.

"వాగు దాటొచ్చాను కదమ్మా. తాగు."

"ఆయన కనబడ్డాడా?"

"కనబడ్డాడు. తాగు తల్లీ, అడుగు దాకా తాగు."

చివరి చుక్క దాకా తాగించి, నన్ను అమ్మ రొమ్ముకి అందించి, నేను తాగడం మొదలుపెట్టాక అప్పుడు చెప్పింది. ముందే చెబితే అమ్మ ముద్ద ముట్టదని, నాకు పాలుండవని ఆవిడకి తెలుసు. ఆ కాస్సేపూ ఆవిడ ఆ మాటని గొంతులో ఎలా ఆపుకుందో, నాకు ఊహించాలంటేనే భయం.

ఇంకా చలి ముదరనైనా లేదు. వియన్నాలో మరో బల్ల చుట్టూ మరికొందరు దొరలు కూర్చుని, మా గీతని ఎత్తి మా ఊరికి ఉత్తరంగా జరిపారు. అంతే! ఒక్క సంతకం! అంత తేలిగ్గా ఎత్తేసే గీతని ఎందుకు గీశారయ్యా? మా నాన్న దేనికి చచ్చాడు? సరే, జరిపినవాళ్ళైనా బాగు చేశారా? అదీ లేదు. ఆ ముచ్చట వెనకే వచ్చిన యుద్ధం, ఆజ్ఞ మీరాడని జైల్లో ఉన్న దేనెష్‌ని రష్యా మంచులోకి తోలింది. వాడు తిరిగి రాలేదు. ఆ యుద్ధమూ ముగిసి మరో శాంతి రాసుకున్నాక, గీత మళ్ళీ వాగులోకే వచ్చింది.

కానీ ఆ మొదటిసారి జరిపినప్పుడు మా ఊళ్ళో పెళ్ళంత సందడి. మూసిన వంతెన తెరిచారు, పూల తోరణం కట్టారు, బాజాలు పెట్టారు. హంగరీ సైన్యం దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచొస్తోంది. ముందు వరసలో ఆ హవిల్దారే! ఎతెల్కాని గుర్తుపట్టి, వెలిగిపోతున్న ముఖంతో పలకరించాడు.

"అమ్మా, ఇక మీకు బాధ లేదు. గీత పోయింది, మీ ఊరు మళ్ళీ ఒక్కటైంది!"

ఎతెల్కా రోడ్డు మధ్యకి వచ్చింది. చేతుల్లో అదే కుండ, ఖాళీగా ఉంది. వంగి దాన్ని ఆయన బూట్ల ముందు పెట్టింది.

"ఆ రోజు కింద పెట్టమన్నావుగా బాబూ. ఇదిగో, పెట్టాను. ఇప్పుడు నా బిడ్డని లేపు."

బాజాలు ఆగిపోయాయి. హవిల్దారు కుండకి పక్కనుంచి తప్పుకుని వెళ్ళాడు. ఆయన వెనక సైన్యమంతా ఆ కుండని తప్పించుకుంటూ, తల వంచుకుని నడిచింది.